జంపఖానాలో దిగిన మేనేజరమ్మ

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా వీధి మొదట్లో పిల్లి ఈనితే, వీధి చివరికి చేరేసరికి దాన్ని పులిని చెయ్యకపోతే నాకు అన్నం సయించదు. మా ఆవిడ నా మాటల్ని పదితో భాగించి వింటుంది. మీరు కొత్తవాళ్ళు కాబట్టి ఐదుతో భాగించుకోండి, చాలు. అయితే ఇందులో ఒక్క విషయం మాత్రం పెంచింది కాదు, పచ్చిగా కల్పించింది. అదేదో చివర నేనే ఒప్పుకుంటాను. అంతవరకు నమ్మండి, లేకపోతే నమ్మినట్టు నటించండి.

మొన్న బంధువుల పెళ్ళికని తిరుచానూరులో ఒక లాడ్జిలో దిగాను. స్నానాల గదిలో గోడకు ఒక స్టీలు రాడ్డు బిగించి ఉంది, పెద్దవాళ్ళు జారకుండా పట్టుకోవడానికి. దాన్ని చూడగానే నా చేతులు నా మాట వినలేదు. రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు పైకెత్తి, వేలాడాను. రాడ్డూ, నాలుగు టైల్సూ, అరబస్తా సిమెంటూ, నేనూ ఒకేసారి కిందికొచ్చాం. చప్పుడు విని లాడ్జి ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"ఏం సార్, రాడ్డు పీకి పెట్టినారే! కోతి మాదిరి ఏలాడే వయసా సార్ ఇది?"

నేను నడుము పట్టుకుని లేచి, చాలా గంభీరంగా అన్నాను: "ఊడితే నా చేతిలో ఊడాల. ముసిలోళ్ళ చేతిలో ఊడగూడదు."

ఆ మాట నాది కాదు. ఆ వేలాడడమూ నాది కాదు. రెండూ ఒక మేనేజరమ్మ దగ్గర అంటించుకున్నవి. నడుముకు కాపడం పెట్టుకుంటూ లాడ్జి మంచం మీద పడుకుంటే, ఆమె నా కళ్ళ ముందుకొచ్చి నిలబడింది, చేతిలో రిజిస్టరుతో సహా.

తిరుపతి పొలిమేరలో, పుత్తూరు పోయే దారి పక్కన ఒక వృద్ధుల హోము ఉంది. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. మా పెద్దమ్మను అక్కడ చేర్చాను. పెద్దమ్మకు పిల్లలు లేరు, నన్ను పెంచింది ఆమే. తుంటి ఎముక విరిగాక మంచం దిగలేకపోయింది. పక్కకు తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. చెవుడు మొదటినుంచీ ఉంది. మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు, పగలంతా నేనూ మా ఆవిడా ఉద్యోగాల్లో ఉంటాం. తేల్చింది పెద్దమ్మే.

"నీ ఇంట్లో పొద్దస్తమానం గోడ సూస్తా పడుండే పని నాకేందిరా అబ్బోడా? కొండ కనపడే గది యాడన్నా సూడు, పోతా."

కొండ కనపడే గదులన్నీ ఆ హోములో పైనే ఉన్నాయి. చేర్చుకునే రోజు మేనేజరమ్మ ఒక పత్రం తీసి, పెద్దమ్మకు ఏమేం కావాలో రాసుకుంది. బీపీ, షుగరు, మాత్రల కంటే ముందు, మొట్టమొదటి వరుసలో ఆమె రాసింది చూసి నేను ఆమెకు అభిమానినైపోయాను. "కొండ కనపడాలి" అని రాసింది.

ఇక ఆమె ఆకారం చెప్పాలి. నిండైన విగ్రహం. ఆమె ఆటో ఎక్కితే ముందు చక్రం కాసేపు సెలవు తీసుకునేది. ఆమె మెట్లెక్కుతుంటే వంటగదిలో గ్లాసులు వాటంతటవే గలగలమనేవి. నా అంచనాకు నూట ఇరవై కిలోలు. తూకం యంత్రం మాత్రం డెబ్బై రెండే చూపించింది, భయపడి ఉంటుంది. మా పెద్దమ్మదీ సరిగ్గా డెబ్బై రెండే. ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఆమె ఎక్కడ పుట్టిందో, ఏం చదివిందో నాకు తెలియదు. అడిగితే "నా కేస్ షీటు నీకెందుకన్నా?" అనేది. నాకు తెలిసిందల్లా ఆమె పద్ధతి. హోములో ఏ నియమమైనా ముందు ఆమె ఒంటి మీద నడవాలి, తర్వాతే ముసలివాళ్ళ మీద. ప్రతి మంగళవారం పొద్దున ఇరవై స్నానాల గదుల్లో ఇరవై రాడ్లకు వేలాడేది. మెత్తటి భోజనం వండిన రోజు పెదవులు బిగించి, పళ్ళు తగలకుండా, చిగుళ్ళతో నమిలినట్టు నమిలి చూసేది. ఒకసారి సంగటి ముద్దను అలా తినబోయి ముప్పావుగంట మాట్లాడలేకపోయింది. చేత్తో సైగ చేసి ఆ ముద్దను వంటగదికి తిప్పి పంపించింది. మాత్రలు ఇచ్చేటప్పుడు మనిషి పేరు అడిగి, ముఖం చూసి, మాత్ర చూసి, మింగాక "నోరు తెరువు సామీ, నాలుక ఎత్తు" అని చూసి, అప్పుడు రిజిస్టరులో టిక్కు పెట్టేది. ఒకరోజు నాకు దగ్గు బిళ్ళ ఇచ్చి నా నోరూ తెరిపించింది. నేనూ తెరిచాను. నాలుక కూడా ఎత్తాను. అంతటి మనిషి ఆమె.

నెలకోరోజు ఖాళీ గదిలో పేషెంటులా పడుకుని, గంట నొక్కి, ఆయా ఎన్ని నిమిషాలకు వస్తుందో లెక్కపెట్టేది. ఒకసారి నొక్కితే ఎవరూ రాలేదు. లేచి డ్యూటీ చార్టు తీస్తే ఆ సమయానికి ఎవరినీ వెయ్యకుండా వదిలేసింది తనే. అక్కడే కూర్చుని మేనేజరు నుంచి మేనేజరుకు ఒక మెమో రాసింది. సాయంత్రానికి దానికి సంజాయిషీ రాసుకుంది. మర్నాడు ఆ సంజాయిషీ తృప్తికరంగా లేదని తిరగ్గొట్టింది.

అన్నిటికంటే నాకు వింతగా తోచింది తలుపు తట్టడం. ఎవరి గదైనా తట్టి, లోపలినుంచి "రా" అనేదాకా గడప దాటేది కాదు. మా పెద్దమ్మకేమో చెవుడు. తట్టినా వినపడదు, రమ్మనదు. తలుపు బార్లా తెరిచే ఉండేది. అయినా మేనేజరమ్మ తట్టి, పెద్దమ్మ కొండ వైపునుంచి ముఖం తిప్పి చూసేదాకా గడప అవతలే నిలబడేది. ఒకసారి అరగంట నిలబడింది. ఐదుతో భాగించినా ఆరు నిమిషాలు.

"వినపడదని తెలుసు కదా మేడం, లోపలికి రావచ్చు కదా" అన్నాను.

"ఆమెకు వినపడదు. నాకు వినపడతాది కదన్నా" అంది.

ఇలా ఉండగా తనిఖీకి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కడుపు ముందొచ్చి, ఆయన వెనకొచ్చాడు. హోమంతా తిరిగి, పైన పెద్దమ్మ గది ముందు ఆగాడు.

"ఈమె మెట్లు దిగగలదా?"

"దిగలేదు సార్."

"నిప్పంటుకుంటే లిఫ్టు వాడకూడదు, తెలుసు కదా. నడవలేని మనిషిని పైన ఎట్లా పెట్టినారు? నెల రోజుల్లో మళ్ళీ వస్తా. గంట కొట్టిన పది నిమిషాల్లో పైనున్న తొమ్మిది మందినీ బయటి గేటు దాకా చేర్చి చూపించండి. చూపించలేకపోతే పై అంతస్తు మూసేయాలి."

కింది గదులన్నీ నడవలేనివాళ్ళతో, మెట్లెక్కలేనివాళ్ళతో నిండి ఉన్నాయి. పైన మిగతా ఎనిమిది మందికి చేతికర్రలన్నా ఉన్నాయి, ఇంకో హోము తీసుకుంటుంది. డెబ్బై రెండు కిలోలతో మంచం పట్టిన మనిషిని తీసుకునేవాళ్ళు వేలూరు అవతల ఒకరే దొరికారు. అక్కడ కొండ లేదు, తెలుగు లేదు. పెద్దమ్మకు ఈ సంగతి చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ హోము దరఖాస్తు తెచ్చి జేబులో పెట్టుకు తిరుగుతున్నాను.

హోము ఛైర్మన్‌కు మాత్రం ఇది చిటికెలో పని. "ఎందుకమ్మా ఇంత తమాషా? డ్రిల్లు చేసినాం, తొమ్మిది నిమిషాలు పట్టింది అని రిజిస్టరులో రాసి సంతకం పెట్టు."

"జరిగిందే రాయాల సార్. రాసినాం కదా, జరిగినట్టే అనుకోగూడదు" అంది మేనేజరమ్మ. "మీరొచ్చి పైన మంచంలో పడుకోండి. తొమ్మిది నిమిషాల్లో దింపితే ఇప్పుడే రాస్తా."

ఛైర్మన్‌కు అప్పుడే కార్వేటినగరంలో అర్జెంటు పని గుర్తొచ్చింది.

మొదటి డ్రిల్లు. గంట కొట్టారు. ఎనిమిది మందీ ఠక్కున లేచారు. నా గుండె పొంగింది. అందరూ కంచాలూ గ్లాసులూ తీసుకుని భోజనాల హాల్లోకి పోయి కూర్చున్నారు. రిజిస్టరులో ఆమె రాసింది: "గంట కొట్టితిమి. భోజనమనుకొనిరి. ఫెయిల్."

రెండో డ్రిల్లు. భోజనం గంటతో కలవకుండా ఇంకో రకం గంట తెప్పించింది. దాని మోత కొండ మీది దాకా వినపడి ఉంటుంది. ఎనిమిది మందీ వరండాలోకి వచ్చి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. ఒకాయన చెంపలు కూడా వేసుకున్నాడు. "హారతి అనుకొనిరి. ఫెయిల్."

మూడోసారి గంట మానేసి, ఒక్కొక్కరికీ ముందే వివరించి, బయలుదేరదీసింది. నలుగురు మెట్ల దాకా బాగా నడిచారు. ముందరి అవ్వ చెప్పు సర్దుకోవడానికి ఒక్క క్షణం ఆగింది. అంతే. వెనకాయన ఆగాడు, ఆయన వెనకాయన మెట్టు మీద కూర్చున్నాడు, ఆ వెనకామె కొంగు ముడి విప్పి వేరుశనగలు తీసింది. మన తిరుపతి ప్రాంతంలో పుట్టిన మనిషి సగం ఆయుష్షు క్యూలైన్లో గడిపినవాడు. ముందరి మనిషి ఆగితే కూర్చోవాలని అతని కాళ్ళకు తెలుసు. ఐదు నిమిషాల్లో మెట్ల మీద సంసారం వెలిసింది.

"యాడి నుంచి వస్తా ఉండారు?"

"పై గదినుంచే కదమ్మా, నీ పక్క గది."

"అట్లనా! ఎంతసేపు పడతాదంట?"

"మూడు గంటలంట. కంపార్టుమెంట్లు నిండినాయంట."

నిప్పు మాట అందరూ మరిచారు. మేనేజరమ్మ మాత్రం నవ్వలేదు. ఆ మెట్ల మీద సర్దుకుని కూర్చున్నవాళ్ళను తేరిపార చూసి, తిన్నగా కింది అంతస్తుకు పోయి, అందరూ క్యూలైన్ తాత అని పిలిచే ముసలాయన తలుపు తట్టింది.

ఆ తాత కొండ మీద నలభై ఏళ్ళు చేసిన ఉద్యోగం ఒకటే. దేవుడి ముందు నిలబడి, వచ్చిన జనాన్ని "జరగండి, జరగండి" అని పక్కకు పంపడం. కోట్ల మందిని జరిపి ఉంటాడు. రిటైరయ్యాక ఆ మాట నోట రానివ్వలేదు. భోజనాల దగ్గర పక్కవాడు అడ్డమొచ్చినా అనేవాడు కాదు.

"ఆ మాట ఇంక ఆడను తల్లీ" అన్నాడు ఆయన. "ఎంతమంది తిట్టుకున్నారో నన్ను. ఎంత దూరం నుంచో నడిచొచ్చినోళ్ళు, ఒక్క నిమిషం సూస్తామంటే ఈ చేత్తోనే తోసినా. ఆ పాపం చాలు."

ఆమె ఆయన మంచం పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంది. పీట ఏమీ అనలేదు. నాకు ఆశ్చర్యం వేసింది.

"ఆడ దేవుని కాడ్నించి జరిపినావు తాతా. ఈడ నిప్పు కాడ్నించి జరుపు. దానికీ దీనికీ చెల్లు."

తాత తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత కండువా భుజాన వేసుకుని లేచాడు.

నాలుగో డ్రిల్లులో మెట్ల కింద నిలబడి ఆయన నోరు తెరిచాడు. "జరగండీ! జరగండి జరగండి! ఆగొద్దమ్మా, జరగండి!" ఆ గొంతు విన్న ఎనిమిది మందీ, కర్రలతో సహా, ఆలోచన లేకుండా నడిచి గేటు దాటేశారు. ఒకావిడ గేటు దాటాక వెనక్కి తిరిగి దణ్ణం పెట్టింది. గేటు బయట ఫలహారం బండి పెట్టుకున్నాయన, వీళ్ళేదో తోసుకొస్తున్నారని బండి తీసుకుని రెండు మైళ్ళు పారిపోయాడు. నాలుగు నిమిషాలు!

మిగిలింది పెద్దమ్మ. ఆమెను దింపడానికి మేనేజరమ్మ మందపాటి జంపఖానా ఒకటి కొని, నాలుగు మూలలకు నలుగురు ఆయాలను పెట్టింది. అభ్యాసానికి పెద్దమ్మనే వాడదామని నేనంటే కళ్ళెర్రజేసింది.

"ఆమె ఈడ ఉండే మనిషన్నా, బరువు కాదు. విరిగిన తుంటిని రోజూ ఊపుతారా ఎవరన్నా?"

మరి ఎవరు? ఇంకెవరు. రోజూ టిఫిన్లయ్యాక మేనేజరమ్మే పెద్దమ్మ పక్క గదిలో జంపఖానా మీద పడుకునేది. "మా పెద్దమ్మ బరువూ ఈమె బరువూ ఒకటే, మహా వీలుగా కుదిరింది" అని నేను మురిసిపోయేవాణ్ణి. పడుకునే ఉండి గడియారం చూసేది, అక్కడినుంచే తప్పులు చెప్పేది. "కాళ్ళు ముందర రావాల, తల కాదు! నూర్జహాన్, నీ మూల దిగింది, ఎత్తు!"

ఆయాల్లో పెద్దది నూర్జహాన్. "అరె అల్లా, నీ నోరు బరువు కూడా మేమే మోయాలా మేడం?" అనేది.

మొదటిరోజు ముప్పై ఒక్క నిమిషాలు. "మలుపు కాడ గోడకు తల తగిలినది. తల నాది. ఫెయిల్." తర్వాత ఇరవై నాలుగు. ఫెయిల్. పదహారు. ఫెయిల్. పన్నెండు. ఫెయిల్. వంటామె రోజూ గొణిగేది: "డ్రిల్లు అయిందంటే నా బియ్యం మూట గేటు కాడే పడుంటాది. దాన్ని లోపలికి ఈడ్చే దిక్కు లేదు." ఆ గొణుగుడు ఎవరూ పట్టించుకోలేదు.

నెల తిరిగింది. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కడుపు ఇంకో అంగుళం ముందొచ్చింది. రిజిస్టరు తిరగేశాడు. ఒక పేజీ ఫెయిల్, రెండో పేజీ ఫెయిల్. చివరి వరుసలో పదకొండు నిమిషాలు, ఫెయిల్. నా జేబులో దరఖాస్తు చెమటకు తడిసిపోయింది.

"ఏందమ్మా ఇది? ఇన్ని ఫెయిళ్ళు చేత్తో రాసుకున్న హోము నేను యాడా చూళ్ళేదు."

"జరిగిందే రాసినా సార్."

"సరే, ఇప్పుడు చెయ్యండి. నువ్వు పడుకోడానికి లేదు. నిజంగా నిప్పంటుకుంటే మేనేజరు నిలబడి నడిపించాల కదా? పడుకుంటే ఎట్లా?"

ఆమె మొట్టమొదటిసారి తడబడింది. "పేషెంటును దింపం సార్."

"దింపొద్దు. ఆ బరువుండే మనిషిని ఇంకెవర్నన్నా పెట్టుకోండి."

అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తర్వాత, ఎవరూ చెప్పుకోకుండానే, అందరం ఒకే వైపు చూశాం. ఇన్‌స్పెక్టరు తన కడుపు కేసి చూసుకున్నాడు.

"నేనా?"

"రూలు మీదే కదా సార్" అంది మేనేజరమ్మ, ఎంతో మర్యాదగా. "ఎట్ట పనిచేస్తాదో మీకూ తెలుస్తాది."

బూట్లు విప్పి ఆయన జంపఖానా మీద వెల్లకిలా పడుకున్న దృశ్యం చూడడానికి కింది అంతస్తువాళ్ళు చక్రాల కుర్చీల్లో వచ్చి వరుస కట్టారు. గంట మోగింది. "జరగండీ! జరగండి జరగండి!" తాత గొంతు పోటెత్తింది. ఎనిమిది మందీ కదిలారు. మేనేజరమ్మ మెట్ల మలుపులో నిలబడి చెయ్యి ఊపుతోంది. జంపఖానా లేచింది.

"నిదానం, నిదానం! అమ్మా, గోడ! గోడ!"

"నోరు మూసుకో సామీ" అంది నూర్జహాన్ రొప్పుతూ. "నువ్వు పేషెంటు. చెవుడు కూడా నీకు."

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మలుపు దగ్గర గోవింద నామం అందుకున్నాడు. మెట్ల మీదున్న ఎనిమిది మందీ ఒక్క గొంతుగా గోవిందా అన్నారు. ఆ ఊపుకు జంపఖానా మెట్లు తాకిందో లేదో నాకు తెలియదు. నా కంటికి మాత్రం ఆయన గాల్లో తేలుతూ గేటు దాటాడు. గడియారం ఆపారు. తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు.

ఆయన లేచి, చొక్కా సర్దుకుని, బూట్లు అడిగి తొడుక్కుని, సంతకం పెట్టాడు. వెళ్తూ వెళ్తూ నూర్జహాన్‌తో, "కుడి మూల కొంచెం దిగిందమ్మా" అన్నాడు.

నేను ఎగిరి గంతేసి పైకి పరిగెత్తాను. మేనేజరమ్మ నాకంటే ముందే పెద్దమ్మ గడప దగ్గరుంది. తలుపు తట్టి, నిలబడి ఉంది. లోపల పెద్దమ్మ కిటికీలోంచి కొండను చూస్తోంది. నేనూ ఆమె పక్కన నిలబడ్డాను. ఆ రోజు నాకు తొందర లేదు. చాలాసేపటికి పెద్దమ్మ ముఖం తిప్పి మమ్మల్ని చూసింది.

"ఏందిరా, అందరూ కిందికి పోయినారే? భోజనమా?"

"అవును పెద్దమ్మా" అని చెవి దగ్గరికి పోయి అరిచాను. "నీకు ఈడికే తెస్తారు."

జేబులో దరఖాస్తు చించేసి, ఆ ముక్కలు జేబులోనే పెట్టుకున్నాను. నేలన వేస్తే మేనేజరమ్మ రిజిస్టరులో రాస్తుంది.

ఆమె ఇప్పుడు మదనపల్లె వైపు ఇంకేదో హోములో రాడ్లకు వేలాడుతోందట. ఇది ఆమె చదివితే తొమ్మిది నలభై కాదు, తొమ్మిది నలభై రెండు అని ఉత్తరం రాస్తుంది.

ఇక ఒప్పుకోలు. ఇన్‌స్పెక్టరు జంపఖానా కథ నేను కల్పించాననుకుంటున్నారు కదూ? అది నిజం. తాతా నిజం, మెమో నిజం. బండాయన రెండు మైళ్ళు పోలేదు, రోడ్డు దాటాడంతే. నేను కల్పించింది ఆమె లావు.

ఆమె నిండైన విగ్రహం కాదు. నలభై ఏడు కిలోల బక్క మనిషి. ఆటో చక్రానికి ఆమె ఎక్కినట్టే తెలిసేది కాదు. రాడ్డుకు వేలాడేటప్పుడు తన బరువు చాలదని, కాళ్ళు పట్టుకుని కిందికి లాగమని నూర్జహాన్‌కు చెప్పేది. డ్రిల్లు రోజుల్లో వంటగదినుంచి పాతిక కిలోల బియ్యం మూట తెప్పించి, పొట్ట మీద పెట్టుకుని, రెండు చేతులా కావలించుకుని జంపఖానాలో పడుకునేది. నలభై ఏడూ పాతికా డెబ్బై రెండు. మా పెద్దమ్మ తూకం. ఆ మూట కింద నలిగి, మెట్టు మెట్టుకూ ఊపిరి ఆడక, గడియారం మాత్రం వదలకుండా, నెల రోజులు దిగింది.

అది ఉన్నదున్నట్టు రాస్తే, ఇతను పెంచి చెప్పే మనిషి అని మీరు ఐదుతో భాగించేస్తారు. ఆ మూటలో ఐదు కిలోలే మిగులుతాయి. అందుకే ఆమెను లావు చేశాను.

డ్రిల్లయ్యాక ఆ మూట వంటగదికి పోయేది, విప్పి వండేవాళ్ళు, ఇంకోటి వచ్చేది. తన బదులు మెట్లు దిగిన బియ్యాన్నే నెలంతా తిన్నానని పెద్దమ్మకు ఇప్పటికీ తెలియదు. మొన్న నేను చూడడానికి పోతే, కొండ వైపు చూస్తూ పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని అంది: "ఈడ అన్నం యాడా లేనట్టుంటాదిరా అబ్బోడా."